నూనె ముట్టనివ్వని పథ్యం

మా నాయనమ్మ తెనాలి దగ్గర పల్లెలో కామెర్లకు పసరు ఇచ్చేది. తెల్లవారకముందే లేచి పెరట్లో నేల ఉసిరి మొక్కలను వేళ్లతో సహా పీకి, కడిగి, రోట్లో మెత్తగా నూరి, ఆ ముద్దను మజ్జిగలో కలిపి పరగడుపున తాగించేది. మూడు రోజులు అంతే. డబ్బు పుచ్చుకునేది కాదు, పుచ్చుకుంటే మందు పనిచేయదని ఆవిడ నమ్మకం. మందుకన్నా పథ్యం గురించే గట్టిగా చెప్పేది: కారం వద్దు, నూనె చుక్క కూడా ముట్టకూడదు. తొమ్మిదో రోజుకీ కళ్లలో పచ్చదనం దిగకపోతే, "ఇక నా చేతిలో లేదయ్యా, పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకుపో" అనేది.

ఆ మాట నాకు అరవై దాటాక, ఆస్ట్రేలియాలో కాన్‌బెర్రా శివారు గంగాలిన్‌లో ఉండగా గుర్తొచ్చింది. భోజనమైన గంటకు కుడి డొక్కలో మొదలైన నొప్పి వీపులోకి పాకేది. స్కానింగ్‌లో పిత్తాశయంలో రాళ్లున్నాయని తేలింది. మా వదిన ఒక కాగితం తెచ్చింది. పగలంతా ఆపిల్ రసం, సాయంత్రం భేది ఉప్పు కలిపిన నీళ్లు, పడుకోబోయే ముందు ఆలివ్ నూనెలో నిమ్మరసం. "నా మాట విను వదినా, తెల్లారేసరికి రాళ్లన్నీ పడిపోతాయి" అంది. చెప్పినట్టే చేశాను. పొద్దున్నే ఆకుపచ్చని మెత్తటి ఉండలు పడ్డాయి, ఇద్దరం సంతోషించాం. రెండు నెలలకు నొప్పి తిరిగొచ్చింది. మళ్లీ స్కాన్ చేస్తే పాత రాళ్లు పాతచోటే ఉన్నాయి.

మరి ఆ ఉండలేమిటి? ఈ ప్రశ్నకు 2005లో 'లాన్సెట్' పత్రికలో జవాబు వచ్చింది. న్యూజిలాండ్‌లోని హామిల్టన్‌లో ఒకావిడ 600 మిల్లీలీటర్ల ఆలివ్ నూనె, 300 మిల్లీలీటర్ల నిమ్మరసం తాగి, పడిన ఉండలను భద్రంగా దాచి డాక్టర్లకు చూపించింది. 40 డిగ్రీల వేడికి పది నిమిషాల్లో అవి కరిగి ఆకుపచ్చని నూనెగా మారాయి. వాటిలో కొలెస్టరాలూ లేదు, కాల్షియమూ లేదు. నాలుగింట మూడు వంతులు కొవ్వు ఆమ్లాలే. తాగిన నూనే పేగుల్లో సబ్బులా గడ్డకట్టి బయటికొచ్చిందన్నమాట.

రాళ్లను కరిగించాలన్న ఆశ చాలా పాతది. 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని దిజోఁ నగరపు వైద్యుడు ద్యురాఁద్ ఈథర్, టర్పెంటైన్ కలిపి తాగించాడు. 19వ శతాబ్దం చివరికి ఆలివ్ నూనె ముందుకొచ్చింది. 1882లో బెర్లిన్‌లో లాంగెన్‌బూఖ్ అనే సర్జన్ మొదటిసారి పిత్తాశయాన్నే కోసి తీశాడు. 1928లో ఐవీ, ఓల్డ్‌బర్గ్ అనే పరిశోధకులు ఇంకో సంగతి కనిపెట్టారు: కొవ్వు పేగులోకి దిగగానే ఒక హార్మోన్ పుట్టి పిత్తాశయాన్ని పిండుతుంది. రాళ్లున్న సంచిని అలా పిండితే చిన్న రాయి నాళంలోకి జారి ఇరుక్కోవచ్చు. అప్పుడు కామెర్లు రావచ్చు, క్లోమమూ వాచిపోవచ్చు. నాయనమ్మకు హార్మోన్ సంగతి తెలియదు. కానీ నూనె వద్దన్న ఆవిడ పథ్యం వదిన తెచ్చిన కాగితం కన్నా క్షేమమైనది.

అలాగని పసరును కళ్లు మూసుకుని పొగడలేను. 1988లో మద్రాసు పరిశోధకులు నేల ఉసిరి పొడిని హెపటైటిస్-బి ఉన్నవాళ్లకు నెల రోజులిచ్చారు. 37 మందిలో 22 మందికి రక్తంలో వైరస్ జాడ పోయిందని 'లాన్సెట్'లోనే రాశారు. దేశమంతా ఆశపడింది. తర్వాతి పరీక్షల్లో అంత ఫలితం మళ్లీ కనబడలేదు. నీటివల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. నాయనమ్మ పసరుకు దక్కిన పేరులో పెద్ద వాటా అలా తగ్గినవాళ్లదే.

మూడో మందు నేనుంటున్న ఊరి చుట్టుపక్కల నేలదే. 1990లకు ముందు గంగాలిన్ అంతా గొర్రెల మేతభూములు. ఆస్ట్రేలియా పచ్చిక బయళ్లలో ఊదారంగు పువ్వుల ముళ్లమొక్క ఒకటి మొలుస్తుంది. దాన్ని మేసి పశువులు చచ్చిపోతాయని రైతులు పీకేస్తారు. అదే మిల్క్ థిసిల్. మందుల షాపులో కాలేయానికని గొట్టం మాత్రల్లో నింపి అమ్మేదీ దాన్నే. కాన్‌బెర్రాలో ఓక్ చెట్ల కింద డెత్ క్యాప్ అనే విషపు పుట్టగొడుగు మొలుస్తుంది. 2012 జనవరిలో అది తిన్న ఇద్దరు చనిపోయారు. ఆ విషానికి ఈ ముళ్లమొక్క నుంచి తీసిన సిలిబినిన్‌ను ఇక్కడి ఆసుపత్రుల్లో నరంలోకి ఎక్కించారు. గట్టి పోలిక పరీక్షలు లేకపోయినా, కొలిచిన మోతాదులో, రోజూ రక్తం పరీక్షిస్తూ ఇచ్చారు. ఏ చెట్టు మందుకైనా నేను కోరుకునే గౌరవం అదే.

చివరికి నాకు చిన్న చిన్న కోతలతో ఆపరేషన్ చేసి పిత్తాశయం తీసేశారు. నాయనమ్మ దగ్గర పసరుతో పాటు ఒక గడువు కూడా ఉండేది, తన మందు ఓడిపోతే ఒప్పుకునే రోజు. వదిన ఇచ్చిన కాగితంలో అది లేదు. అందుకే దాని వెనక నేనే రాశాను: జ్వరం, వదలని డొక్కనొప్పి, పచ్చబడిన కళ్లు, వీటిలో ఏది కనబడినా అదే రోజు ఆసుపత్రికి. ఆ కాగితం వదినకు తిరిగి ఇస్తే, చదివి తన వంటింటి గోడకు అంటించుకుంది.