ఫాల్ కుట్టు, పడవ కుట్టు

చీరకు ఫాల్ కుట్టడం ఎంత తంటానో మగవాళ్ళకు చెప్పినా అర్థం కాదు. సూది చీరలోంచి ఒకటి రెండు పోగులే ఎత్తాలి, పైవైపు కుట్టు కనిపించకూడదు. కనిపించిందా, ఆ చీర కట్టుకున్నన్నాళ్ళూ కన్ను అక్కడికే పోతుంది! సరే, మన కుట్టు చెడితే పోయేది చీర అందమే. అలాంటి కుట్టే అంగుళం మేర తప్పితే మొగుడి ప్రాణం పోయే చోటు ఒకటి ఉండేదంటే నమ్ముతారా?

అది గ్రీన్‌లాండ్. పేరులో పచ్చదనమే గానీ చాలా మటుకు మంచు. చెట్టన్నది దాదాపు లేదు. అక్కడి ఇన్యూట్ జనం వందల ఏళ్ళపాటు బతికింది సముద్రం మీద. సీల్ అనే నీటి జంతువే వాళ్ళకు తిండి, బట్ట, దీపంలోకి నూనె. దాన్ని వేటాడటానికీ, చేపలు పట్టడానికీ వాళ్ళు చేసుకున్న పడవే కయాక్. ఎక్కడో సైబీరియా నదుల్లో పడి, సముద్రంలో తేలుతూ కొట్టుకొచ్చిన దుంగలే దానికి కలప. అంత దూరం నుంచి వచ్చిన కర్రను వృథా చేస్తారా! సన్నగా చెక్కి, తోలు పట్టీలతో కట్టి, పంజరంలాగా చట్రం చేసేవాళ్ళు. కొలత టేపుతో కాదు, ఒంటితోనే. పొడవు ఎక్కేవాడి చేతులు చాచిన మూడు బారలు. వెడల్పు వాడి నడుమంత, దానికి రెండు పిడికిళ్ళు అదనం. జాకెట్టు ఒకరిది ఇంకొకరికి పట్టనట్టే, ఒకడి కయాక్ ఇంకొకడికి సరిగ్గా అమరదు.

చట్రం దాకా మగవాళ్ళ పని. ఆ తరవాత ఆడవాళ్ళు సూదులు పుచ్చుకుని కూర్చునేవాళ్ళు. బొచ్చు తీసిన సీల్ తోళ్ళను తడిగా ఉండగానే చట్రం మీద లాగి కుట్టాలి. ఆరితే తోలు బిగుసుకుంటుంది, ఇక సూది మాట వినదు. అందుకని ఇరుగూ పొరుగూ చేరి గబగబా కుట్టేవాళ్ళు, మన ఊళ్ళలో అప్పడాలు ఒత్తడానికి చేరినట్టు. దారం జంతువుల నరాలతో పేనిందే. ఇక ఆ కుట్టు సంగతి. సూది తోలు మందంలో సగం దాకానే దిగి బయటికి రావాలి, అవతలికి పొడుచుకుపోకూడదు. రెండో వరస కుట్టు రెండోవైపు నుంచి, అదీ అంతే. ఆరుపారు చిల్లి ఒక్కటీ లేకపోతే నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయి? పైగా నీళ్ళు తగిలితే నరం దారం ఉబ్బి, ఉన్న సందును కూడా మూసేస్తుంది. అదండీ వాళ్ళ ఫాల్ కుట్టు!

వేటగాడు వేసుకునే తోలు చొక్కా కూడా ఇంటావిడ కుట్టిందే. దాని పేరు తుయిలిక్. ముఖం చుట్టూ, మణికట్ల దగ్గర బిగించి, కింది అంచును కయాక్ నోటి చుట్టూ ఉన్న చట్రానికి తగిలిస్తే మనిషీ పడవా ఒకటైపోతారు. అల తిరగేసినా లోపలికి నీళ్ళు రావు. తలకిందులైనవాడు తెడ్డును ఒక ఒడుపుతో తిప్పి మళ్ళీ పైకి లేస్తాడు. ఈ పల్టీ విద్య మగపిల్లలు చిన్నప్పుడే నేర్చుకోవాలి. ఎందుకంటే ఆ నీళ్ళల్లో చలి మనిషిని ఎక్కువసేపు బతకనివ్వదు. ఈత వచ్చినా లాభం లేదు.

అసలు శత్రువు గాలి. గ్రీన్‌లాండ్ తీరమంతా కొండల నడుమకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలే. లోపల నీళ్ళు పళ్ళెంలో పోసినట్టుంటాయి. కానీ మంచు పీఠభూమి మీద చల్లబడిన బరువు గాలి ఒక్కసారిగా లోయలోంచి దొర్లుకొస్తుంది. తూర్పు తీరం వాళ్ళు దాన్ని పిటెరక్ అంటారు. 1970 ఫిబ్రవరిలో అలాంటి గాలే తసీలాక్ ఊరిని దాదాపు ధ్వంసం చేసింది. ఒడ్డు నుంచి సముద్రం వైపు వీచే గాలి అన్నిటికంటే మోసకారి. ఒడ్డున నిలబడి చూస్తే అలలే కనిపించవు. నాలుగు తెడ్లు వేసి ముందుకు పోయాక తెలుస్తుంది, తిరిగి రావడం మన చేతుల్లో లేదని. అందుకే జతగా వెళ్ళడం మేలు. గాలి ముదిరితే రెండు కయాక్‌లను పక్కపక్కన చేర్చి, తెడ్లు రెంటిమీదా అడ్డంగా పెట్టి పట్టుకునేవాళ్ళు. ఒకదానికొకటి ఆసరా.

వింతేమిటంటే, గాలి బొత్తిగా లేకపోయినా ప్రమాదమే. నీళ్ళు అద్దంలా నిలిచి, ఎండ ఎదురుగా పడుతుంటే, ఒంటరి వేటగాడికి కళ్ళు తిరిగి, పడవ మునిగిపోతోందన్న భ్రమ కలిగేది. పక్కన ఇంకో పడవ వచ్చి తగిలితే పోయేదట. కొందరు ఆ భయంతో మళ్ళీ కయాక్ ఎక్కనేలేదు. డాక్టర్లు దీన్ని ఒక జబ్బుగానే రాసిపెట్టారు.

ఆడవాళ్ళకు వేరే పడవ ఉండేది, ఉమియాక్. పెద్దది, పైన మూత లేనిది. సామాన్లూ పిల్లలూ కుక్కలూ అన్నీ అందులోనే, తెడ్లు వేసేది ఆడవాళ్ళే. సంసారం మొత్తం ఒక చోటు నుంచి ఇంకో చోటుకు మార్చేది వాళ్ళన్నమాట. ఈ మాట చరిత్ర పుస్తకాల్లో కయాక్ అంత గొప్పగా కనిపించదు లెండి.

యూరపువాళ్ళు ఈ పడవను చూసి ముచ్చటపడ్డారు. జర్మనీలో ఒక విద్యార్థి మడతపెట్టి మోసుకుపోయే కయాక్ తయారుచేస్తే, 1907లో దాని హక్కులు కొన్నది రోజెన్‌హైమ్ ఊరి క్లెపర్ అనే ఆయన. ఆయన వృత్తి ఏమనుకున్నారు? దర్జీ! కయాక్ మళ్ళీ సూది ఉన్నవాళ్ళ చేతికే వచ్చింది.

ఇంగ్లండు నుంచి వచ్చిన జినో వాట్కిన్స్ అనే కుర్రవాడు 1930-31లో తూర్పు తీరంలో ఉండి, అక్కడివాళ్ళ దగ్గరే పల్టీ విద్య నేర్చుకున్నాడు. బాగా పట్టుబడింది కూడా. 1932లో మళ్ళీ వెళ్ళాడు. వాళ్ళ తిండికి సీల్‌లు కావాలి, ఆ వేట ఆయన వంతు. ఆగస్టు 20న ఒక్కడే బయలుదేరాడు. ఆ రోజే తోటివాళ్ళకు ఖాళీ కయాక్ నీళ్ళమీద తేలుతూ కనిపించింది. కొంచెం అవతల మంచుగడ్డ మీద ఆయన ప్యాంటు. మనిషి దొరకలేదు. అప్పటికి ఇరవై అయిదేళ్ళు, ఇంటి దగ్గర పెళ్ళి కుదిరిన అమ్మాయి. మంచుకొండ విరిగి అల లేచిందా, మరేదైనా జరిగిందా, చూసినవాళ్ళు లేరు. విద్యలో లోపం ఉందనలేం. పక్కన ఇంకో కయాక్ లేదు, అంతే.

ఇప్పుడు సరదాకు చేపలు పట్టేవాళ్ళు వాడేవి చాలావరకు ప్లాస్టిక్ కయాక్‌లు. మూతా లేదు, కుట్టూ లేదు, పైన కూర్చోవడమే. ఎక్కిన నీళ్ళు చిల్లుల్లోంచి కిందికి పోతాయి. మన విశాఖ, భీమిలి జాలరుల దుంగల తెప్పా అలాంటిదే కదూ! నీళ్ళు సందుల్లోంచి వస్తాయి, పోతాయి, తెప్ప మాత్రం మునగదు. గాలి లక్షణం మాత్రం అప్పటిదే. అందుకే తెలిసినవాళ్ళు లైఫ్ జాకెట్ లేకుండా కదలరు. వెళ్ళేటప్పుడే గాలికి ఎదురు వెళ్ళి, అలిసిపోయి తిరిగొచ్చేటప్పుడు దాన్ని వెన్నుకు పెట్టుకుంటారు.

గ్రీన్‌లాండ్‌లో కయాక్‌తో వేట తగ్గిపోయింది, మోటారు పడవలు వచ్చాయి. అయినా ఏటా పల్టీల పోటీలు పెట్టుకుంటారు. ముప్పైకి పైగా రకాలున్నాయి. తెడ్డు లేకుండా చేతులతో లేవడం ఒకటి, చేతిలో బరువైన రాయి పట్టుకుని లేవడం ఇంకొకటి. తుయిలిక్‌లు తగిలించుకుని ఇప్పుడు ఆడపిల్లలు కూడా దిగుతున్నారు.