ముక్తేశ్వరపు మెరక పల్లములు

ముక్తేశ్వరము రేవున నిలిచి, గోదావరి పాయయగు గౌతమి కావలి గట్టుననున్న కోటిపల్లి వైపు చూచువానికి భూమి యంతయు సమతలముగానే తోచును. కొండ లేదు, గుట్ట లేదు. కనుచూపు మేర కొబ్బరితోటలును వరిచేలును దక్క మరియొకటి కానరాదు. అయినను గోదావరికి వరద వచ్చినపుడు ముందుగా ఎదురుబిడియము కాజ్‌వే మునుగుననియు, పిమ్మట నే లంకకు దారి తెగుననియు, ఏ యింటి అరుగు వరకు నీరు వచ్చి నిలుచుననియు నిచ్చటి వృద్ధు లెవ్వరిని అడిగినను చెప్పగలరు. కంటికి కానరాని ఈ జానెడు బెత్తెడు భేదములే కోనసీమలో పంటను, బాటను, ఇంటి పునాదిని శాసించుచున్నవి. వానిని కాగితముపై రేఖలుగా నిలుపు విద్య యేరీతిగా పెరిగి నేటి కంప్యూటరు తెరపైకి వచ్చినదో తెలిసికొనుట ఈ సీమవారికి మిక్కిలి అవసరమని నా తలంపు.

సమానమైన ఎత్తుగల స్థానములను కలుపుచు గీయు కాంటూరు రేఖ మొదట కొండల కొరకు పుట్టినది కాదు. నీటి అడుగును తెలిసికొనుటకై పుట్టినది. కోనసీమవలెనే నదీముఖమున నొండ్రుమట్టితో నేర్పడిన హాలండు దేశమున 1584లో పీటర్ బ్రూయిన్స్ స్పార్నె నది లోతులను, 1730 ప్రాంతమున క్రుక్వియస్ మెర్వెడె నది లోతులను ఇట్టి రేఖలతో చూపిరి. అటుపిమ్మట 1774లో స్కాట్లండునందలి షీహాలియన్ పర్వతముచెంత, భూమి సాంద్రతను కనుగొనుటకై ఖగోళశాస్త్రజ్ఞుడు మాస్కెలీన్ ప్రయోగములు గావించినపుడు, ఆ కొండపై కొలిచిన ఎత్తుల అంకెలు లెక్కకు మిక్కిలియై గణితజ్ఞుడైన చార్లెస్ హట్టన్ చేతికి వచ్చెను. ఆయన సమానోన్నతములైన బిందువులను రేఖలతో కలిపి చూడగా, అంతవరకు అంకెల కుప్పగా నున్న కొండకు రూపము వచ్చెను. విడివిడి మట్టములనుండి కాంటూరు దీయు పద్ధతి నేటికిని అదియే.

మన సీమలో ఈ మట్టముల విద్యకు ప్రాణప్రతిష్ఠ చేసినది గోదావరి ఆనకట్ట. 1832–33 నాటి నందన కరవునకును, దానివెంట వచ్చిన ఉప్పెనలకును చితికిపోయిన రాజమహేంద్రవర మండలమును ఆర్థర్ కాటన్ పరిశీలించి, 1847లో ధవళేశ్వరముకడ పని యారంభించి, 1852 నాటికి ఆనకట్టను ముగించెను. రాతిపనిని కన్నులార చూచి మెచ్చుకొనువారు పెక్కుమంది కలరు. కాని నా దృష్టిలో అంతకు మించినది కాలువల మార్గనిర్ణయము. డెల్టా భూమి మైలు నడచినను సుమారొక అడుగు మాత్రమే దిగును. అంతేకాదు, వరద పొంగి పొరలినపుడెల్ల బరువైన ఒండ్రు ఏటి యొడ్డుననే ముందు దిగుటచేత నదీతీరమే మెరకయై, ఏటికి దూరమగుకొలది నేల పల్లమగును. కావున పంటకాలువ మెరక వెన్నంటియు, మురుగుకాలువ పల్లము వెన్నంటియు సాగవలెను. ఈ రెండింటిలో నేది తారుమారైనను ఒకచోట చేలు ఎండును, మరియొకచోట కుళ్లును. ఇక దక్షిణమున, సముద్రము వెనుకకు జరిగినపుడు మిగిలిన ప్రాచీనతీరపు ఇసుకదిబ్బలు అడ్డుపడి మురుగుదారిని మరింత క్లిష్టము చేయుచున్నవి.

వైనతేయపు పాయను దాటించి నగరము లంకకు నీ రందించుటకై 1852 ప్రాంతమున గన్నవరముకడ నలువదితొమ్మిది ఖానాలతో కట్టిన అక్విడక్టు ఈ విద్యకు మన యెదుట నిలిచిన సాక్ష్యము. లెఫ్టినెంటు హేగ్ దానిని కట్టించుచుండగా, వీణెం వీరన్న అను తెలుగువాడు కాటన్ పక్షమున పనివారిని కూర్చి డెల్టా పనులు నడిపించెను. కాలువనీరు నదిని దాటిన పిదపకూడ అవతలి చేలకన్న ఎత్తున నుండవలెను. ఆ మట్టము ముందుగా తేలనిదే ఒక్క రాయియైనను పేర్చుటకు వీలులేదు.

ఎత్తు అనగా దేనినుండి ఎత్తు? భారతదేశపు తొలి మట్టముల వల 1858లో మొదలై 1909లో ముగిసెను. తొమ్మిది రేవులలో కొలిచిన సగటు సముద్రమట్టము దాని కాధారము, వానిలో మన విశాఖపట్టణ మొకటి. ఆ వలనుండి దిగిన బెంచిమార్కులను, అనగా మట్టము తెలిసిన గుర్తులను, పట్టుకొని సర్వేయరులు గొలుసుతో గడులు పరచి, గడి మూల మూలకు స్టాఫ్ అను కొలతబద్దను నిలిపి, డంపీ లెవెలుతో చూచి, లెవెలు పుస్తకమున అంకెలు వ్రాసికొనిరి. పిదప డ్రాఫ్ట్సుమను పని. ఒక బిందువు 3.30 మీటర్లు, యాబది మీటర్ల దూరమున మరియొకటి 2.80 మీటర్లు అనుకొందము. మూడు మీటర్ల రేఖ మొదటి బిందువునకు ముప్పది మీటర్ల దూరమున పోవును. ఇట్లు గడిగడికి లెక్కవేసి, పెన్సిలుతో చుక్కలు పెట్టి, ట్రేసింగు గుడ్డపై సిరాతో గీసెడివారు.

ఆ శ్రమనంతయు నేడు కంప్యూటరు నిమిషములలో ముగించుచున్నది. టోటల్ స్టేషన్ అను సర్వే యంత్రము కొలిచిన బిందువుల తూర్పు, ఉత్తరము, ఎత్తు అను మూడంకెల పట్టికను దానికిచ్చిన, 1934లో రష్యను గణితజ్ఞుడు డెలొనే చెప్పిన నియమము ననుసరించి, సాధ్యమైనంతవరకు సన్నబడని త్రిభుజములుగా నేలనంతయు కప్పి, ఒక్కొక్క త్రిభుజపు అంచుపై వెనుక చెప్పిన లెక్కనే వేసి రేఖలను కలుపును. లెక్కలో దోషముండదు. దోషమంతయు బిందువుల ఎంపికలోనే యుండును. పంటబోదెకు ఈ గట్టున నొకటి, ఆ గట్టున నొకటి మట్టములు తీసి అడుగున తీయకపోయినచో, యంత్రము రెండు గట్లను త్రిభుజముతో కలిపి బోదెను పూడ్చివేయును. ఏటిగట్టు శిరస్సును, పాదమును బ్రేక్‌లైనుగా, అనగా త్రిభుజములు దాటరాని రేఖగా, కట్టి చెప్పనిచో గట్టు అచ్చటచ్చట తెగినట్లు చూపును. పైగా రేఖలను నునుపుచేయు ఆజ్ఞ యొకటి కలదు. పటము అందముగా కనబడును గాని, కొలిచిన బిందువును విడిచి రేఖ పక్కకు జరుగును. కొండసీమలో ఈ తప్పు క్షమింపదగినదే. ముక్తేశ్వరమువంటి చోట పది సెంటీమీటర్ల పొరపాటు నీటి దిశనే మార్చును.

దేశపటములు ఈ సీమకు చేయగలిగినది స్వల్పము. ఇరువది మీటర్ల అంతరముతో గీసిన పటమున కోనసీమ యంతయు ఒక్క రేఖయైనను లేక ఖాళీగా మిగిలిపోవును. కనుక ఇచ్చట పావు మీటరు అంతరముతో రేఖలు దీయక తప్పదు. అందులకు మట్టములు దగ్గరదగ్గరగా తీయవలెను, కాలువ లస్కరును, రైతును వెంటనిడుకొని మురుగు నిలుచు చోట్లను అడుగవలెను. మురుగు సమస్య కొత్తది కాదు. డెల్టా మురుగుకాలువల బాగునకై 1968లో ప్రత్యేకముగా సెస్సు చట్టమే చేయవలసివచ్చెను. 2011లో కోనసీమ రైతులు తొలకరి సాగు మాని పంటవిరామము ప్రకటించినపుడు వారు చెప్పిన బాధలలో ముంపు నొకటి.

ఇక కోటిపల్లినుండి గౌతమిని దాటి నరసాపురమునకు రైలుమార్గము తలపెట్టబడినది. కాకినాడనుండి కోటిపల్లికి 1928లో వచ్చి, రెండవ ప్రపంచయుద్ధ కాలమున పట్టాలూడి, 2004లో మరల నడచిన రైలునకు ఇది కొనసాగింపు. ఆ రైలుకట్ట కోనసీమకు అడ్డముగా సాగును. నీరు సహజముగా దాటు ప్రతి పల్లమునను దాని క్రింద తూము ఉండవలెను. ఆ పల్లములు ఏటి గట్టునకు దూరముగా, చేల నడుమ, ఆరు మాసములు గడ్డి క్రింద దాగియుండును. కట్ట పడిన తరువాత వెదకిన దొరకవు. కావున స్టాఫ్ పట్టినవాడు బురదలో దిగి, వానిలో నొక్కదానినైనను విడువక, మట్టము తీయవలసిన కాలము కట్టకు ముందుదే.