ఐదు వందల ఎకరాల నుంచి వందకు

నిజాం కాలపు తెలంగాణలో వెట్టి అంటే కూలి ముట్టని చాకిరీ ఒక్కటే కాదు. ఏ కులం దొర గడీకి, అంటే భూస్వామి కోటకు, ఏం చెయ్యాలో పుట్టుకతోనే తేల్చేసిన కట్టుబాటు. కుమ్మరి కుండలివ్వాలి, చాకలి బట్టలుతకాలి, మాదిగ చెప్పులు కుట్టివ్వాలి, ఊళ్లోకి అధికారి వస్తే సామాను మొయ్యాలి. దీని మీద తిరుగుబాటు మొదట ఊళ్లలోంచి రాలేదు. 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జోగిపేటలో తొలి ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు ముందున్నది చదువుకున్నవాళ్లు. వాళ్ల పట్టింపు తెలుగు చదువులు, గ్రంథాలయాలు, సంఘ సంస్కరణ. 1944లో కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడిగా భువనగిరిలో సభ జరిగేనాటికి మితవాదులు పక్కకు తప్పుకున్నారు, రైతులూ కూలీలూ సభ్యులయ్యారు. జనం నోట అది ‘సంఘం’ అయింది.

ఈ మార్పులో నాయకులను మించిన పాత్ర కిందివాళ్లదేనని నా వాదన. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు చేస్తున్న పొలం మీద పెద్ద భూస్వామి అయిన విసునూరు దేశ్‌ముఖ్ కన్ను పడింది. పంట కొయ్యడానికి అతని మనుషులు వస్తే సంఘం కార్యకర్తలు అడ్డం నిలిచారు, వరి కోసి ధాన్యాన్ని ఐలమ్మ ఇంటికి చేర్చారు. ఒక చాకలి స్త్రీ ‘ఇవ్వను’ అన్న తర్వాతే సంఘానికి భూమి అసలు సమస్య అయింది. 1946 జులై 4న కడివెండిలో దొర మనుషుల తుపాకీకి దొడ్డి కొమరయ్య బలయ్యాక ఊళ్లు ఒకదాని వెంట ఒకటి కదిలాయి. నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్ల దాడులు పెరిగి, పాలన కుప్పకూలి, దొరలు పట్నాలకు పారిపోయిన 1948 నాటికి వేల గ్రామాల్లో నిర్ణయాలు గ్రామరాజ్య కమిటీల చేతికొచ్చాయి. భూపరిమితి కథ ఇక్కడ గమనించాలి. నాయకత్వం మొదట పెట్టిన పరిమితి ఐదు వందల ఎకరాలు. అంత భూమి ఉన్నవాడు ఎన్ని ఊళ్లలో ఉంటాడు? పేదలకు పంచడానికి మిగిలేదెంత? కింది నుంచి ఒత్తిడి రాగా అది రెండు వందలకు, తర్వాత మెట్ట వంద, నీటి వసతి ఉన్న తరి పది ఎకరాలకు దిగింది. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య లెక్క ప్రకారం పంచిన భూమి దాదాపు పది లక్షల ఎకరాలు.

నాయకులే భూస్వామి కుటుంబాలవాళ్లు కదా, ఇది సమానత్వ పోరాటం ఎట్లా అవుతుందని అడిగేవాళ్లున్నారు. నాయకుడి పుట్టుకకన్నా అతను ఎవరి మాట విని తన నిర్ణయం మార్చుకున్నాడన్నదే చూడాలి. పరిమితి తగ్గిన తీరే నా సాక్ష్యం. పంచిన భూమిలో చాలా భాగాన్ని భారత సైన్యం వచ్చాక దొరలే లాక్కున్నారనీ, నిజమైన మేలు చట్టాలతోనే జరిగిందనీ మరో మాట. మొదటి సగం నిజం, అది చిన్న నష్టం కాదు. కానీ 1949 జాగీర్ల రద్దు, 1950 కౌలుదారీ చట్టం ఊళ్లు మండుతుండగా వచ్చినవి. 1951 ఏప్రిల్‌లో గాంధేయవాది వినోబా భావే పోచంపల్లికి వచ్చేనాటికి కూడా పోరాటం ఆగలేదు. అక్కడి దళిత కుటుంబాలు ఎనభై ఎకరాలు కావాలని అడిగాయి, ఆ ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి వంద ఇస్తానన్నారు. అడగగలిగే ధైర్యం, ఇవ్వక తప్పదన్న తెలివిడి, రెండూ ఆ కొన్నేళ్ల పోరాటం పెంచినవే.

అయితే కిందివాళ్ల మాట వినడం పై కమిటీల దగ్గర ఆగిపోయింది. రాష్ట్ర స్థాయి నాయకత్వంలో దళితులు అరుదు. సమర్థులు లేక అనడానికి వీల్లేదు. దళితుడైన భాగ్యరెడ్డివర్మ 1911లోనే హైదరాబాదులో మన్యసంఘం పెట్టి తమవాళ్లను సొంత నాయకత్వంలో నడిపారు. ఆ ధారా సంఘమూ ఒక్కటి కాకపోవడం రెండింటికీ లోటే. స్త్రీల సంగతి ఇంకా బాధాకరం. మల్లు స్వరాజ్యం వంటివాళ్లు దళాల్లో తుపాకీ పట్టారు, ఎందరో ఉత్తరాలు మోశారు, గాయపడ్డవాళ్లకు సేవ చేశారు. 1951 అక్టోబరులో పోరాట విరమణ తర్వాత, 1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి దేశంలోకెల్లా ఎక్కువ ఓట్లతో గెలిచారు. అడవుల్లోంచి వచ్చిన స్త్రీలలో చాలామందికి మాత్రం ఇంటికి వెళ్లమన్నదే కమ్యూనిస్టు పార్టీ చెప్పిన దారి. ఇళ్లకు పంపేటప్పుడు తమను ఎవరూ అడగలేదన్న ఆ స్త్రీల బాధ ‘మనకు తెలియని మన చరిత్ర’గా పుస్తకంలోకి ఎక్కడానికి మూడు దశాబ్దాలకు పైగా పట్టింది.