కంప్యూటర్ గడియారం సరైన టైము ఎలా తెలుసుకుంటుంది?

పక్కపక్కనే ఉన్న రెండు కంప్యూటర్లలో ఒకటి 10:02 అంటోంది, ఇంకోటి 9:58 అంటోంది. "నాలుగు నిముషాలే కదా, ఏమవుతుందిలే" అనుకుంటాం. కానీ ఆన్‌లైన్ దరఖాస్తుకు గడువు సాయంత్రం 5 గంటలైతే, లెక్కలోకి వచ్చేది మన టైము కాదు, అవతలి సర్వర్ టైము. మన గడియారం నాలుగు నిముషాలు వెనకబడి ఉంటే, మనకు 4:57 కనిపించేసరికి అక్కడ గడువు దాటిపోయి ఉంటుంది. అందుకే ఈ సంగతి పిల్లలకూ పెద్దలకూ తెలిసి ఉండాలి.

గడియారం ఎందుకు తప్పుతుంది?

కంప్యూటర్ లోపల చిన్న క్వార్ట్జ్ స్ఫటికం ఉంటుంది. కరెంటు అందితే అది సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ కంపనాలను లెక్కపెట్టి కంప్యూటర్ సెకన్లు కొలుస్తుంది. (32,768ని 15 సార్లు సగం చేస్తూ పోతే 1 వస్తుంది. చేసి చూడండి!) కంప్యూటర్ ఆపేసినా, నాణెం లాంటి బ్యాటరీ ఒకటి ఈ గడియారాన్ని నడుపుతూ ఉంటుంది.

అయితే వేడికీ చలికీ స్ఫటికం వేగం కొద్దిగా మారుతుంది. పది లక్షల్లో 20 వంతులు తేడా వచ్చినా రోజుకు 1.7 సెకన్లు, నెలకు దాదాపు 52 సెకన్లు తప్పుతుంది. అంటే ఒకసారి సరిచేసి వదిలేస్తే చాలదు, గడియారాన్ని తరచూ సరిచూస్తూ ఉండాలి.

ఎవరిని అడగాలి?

మనం ఏ రాష్ట్రంలో ఉన్నా మన టైము ఒక్కటే, భారత ప్రామాణిక కాలం. ఇది ప్రపంచ సమన్వయ కాలం కన్నా 5 గంటల 30 నిముషాలు ముందుంటుంది. దీనికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఒడిశా మీదుగా ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చి, కాకినాడకూ యానాంకూ దగ్గరగా పోతుంది. ఈ కాలాన్ని న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల పరమాణు గడియారాలతో నిలబెడుతోంది. సీసియం పరమాణువు వెలువరించే ఒక తరంగం 919,26,31,770 సార్లు కంపించేంత కాలమే ఒక సెకను.

కోట్లాది కంప్యూటర్లు నేరుగా పరమాణు గడియారాన్నే అడగలేవు కదా! అందుకని అంచెలు ఏర్పాటు చేశారు. పరమాణు గడియారం సున్నా అంచె. దానికి నేరుగా కలిపిన సర్వర్ 1వ అంచె. దాన్ని అడిగేది 2వ అంచె. ఇలా 15 వరకు ఉంటాయి. ఈ పద్ధతి పేరు నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్, క్లుప్తంగా ఎన్‌టీపీ. దీన్ని రూపొందించినవారు అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ మిల్స్. 1985లో దీని మొదటి వివరణ వెలువడింది.

జవాబు దారిలో ఆలస్యమైతే?

సర్వర్ "ఇప్పుడు 10 గంటలు" అని చెప్పినా, ఆ మాట మన దాకా వచ్చేసరికి కొంత కాలం గడిచిపోతుంది. ఎన్‌టీపీ ఈ చిక్కును ఎలా విప్పుతుందో చూడండి.

టీచరు ఒక అబ్బాయిని ఆఫీసు గడియారం చూసి రమ్మన్నారు. తరగతి గడియారంలో 10:00కి బయల్దేరాడు. ఆఫీసుకు చేరేసరికి అక్కడి గడియారంలో 10:07. ఒక నిముషం ఆగి, 10:08కి తిరిగి బయల్దేరాడు. తరగతికి వచ్చేసరికి ఇక్కడ 10:05.

మొత్తం పట్టింది 5 నిముషాలు. అందులో ఆఫీసులో ఆగింది 1 నిముషం. నడక 4 నిముషాలు, అంటే ఒక్కో వైపు 2. ఆఫీసులో 10:08కి బయల్దేరి 2 నిముషాలు నడిచాడు కాబట్టి ఇప్పుడు అసలు టైము 10:10. తరగతి గడియారం 5 నిముషాలు వెనకబడింది!

కంప్యూటర్ కూడా ఇలాగే నాలుగు టైములు రాసుకుని లెక్కకడుతుంది, కాకపోతే సెకనులో వెయ్యో వంతుల్లో. పోయే దారికీ వచ్చే దారికీ ఒకే టైము పడుతుందనే నమ్మకం మీద ఈ లెక్క నడుస్తుంది. అలా పట్టకపోతే కొంచెం తప్పు వస్తుంది. అందుకే చాలాసార్లు, ఒకటికి మించిన సర్వర్లను అడుగుతుంది.

తేడా చిన్నదైతే గడియారాన్ని ఒక్కసారిగా వెనక్కి తిప్పదు. అలా తిప్పితే ఇప్పుడు దాచుకున్న ఫైలు ఇందాకటి ఫైలు కన్నా పాతదిగా కనిపించే ప్రమాదం ఉంది. కాబట్టి గడియారాన్ని కాస్త నిదానంగానో వేగంగానో నడిపి, మెల్లగా దారికి తెస్తుంది.

ఇంట్లో ఇవి చూసుకోండి

• విండోస్ సెట్టింగ్స్‌లో డేట్ అండ్ టైమ్ తెరవండి. "సెట్ టైమ్ ఆటోమేటికల్లీ" ఆన్‌లో ఉండాలి. "సింక్ నౌ" నొక్కితే వెంటనే సరిచూస్తుంది.

• తేడా సరిగ్గా ఐదున్నర గంటలుంటే తప్పు గడియారానిది కాకపోవచ్చు. టైమ్ జోన్‌లో "చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ" ఎంచుకున్నారా చూడండి.

• కంప్యూటర్ ఆపి వేసినప్పుడల్లా పాత సంవత్సరం చూపిస్తే, లోపలి నాణెం బ్యాటరీ అయిపోయి ఉండవచ్చు. పెద్దవాళ్ళే మార్పించాలి. మింగితే ప్రాణాపాయం, చంటిపిల్లలకు అందనివ్వకండి.

• మామూలుగా తెరుచుకునే సైట్లన్నీ "సురక్షితం కాదు" అంటూ ఆగిపోతే ముందు తేదీ చూడండి. సైట్ల భద్రతా పత్రాలకు గడువు తేదీలుంటాయి. మన తేదీ తప్పయితే మంచి పత్రం కూడా చెల్లనట్టే కనిపిస్తుంది.

గడియారం సరిగ్గా ఉన్నా సరే, దరఖాస్తు పని మాత్రం చివరి పది నిముషాలకు వదిలెయ్యొద్దు. నెట్ ఎప్పుడు నెమ్మదిస్తుందో ఏ గడియారమూ చెప్పదు.