లాహోర్ జాదూఘర్

లాహోర్‌లో మాల్ రోడ్డు మీద, పంజాబ్ అసెంబ్లీ ముందున్న చౌరస్తాలో ఒక పెద్ద స్తంభాల ఇమారత్ ఉంది. ముఖ్యమంత్రి దఫ్తర్‌గా వాడుతున్నారు. పాత లాహోరీలు మాత్రం ఇలాంటి ఇమారత్‌ను ‘జాదూఘర్’ అనేవాళ్లు.

ఇది ఫ్రీమేసన్ల లాడ్జి. మేసన్ అంటే తాపీమేస్త్రీ. వాళ్ల నిషానీ కూడా గునియా, కంపాసే. లోపలికి వెళ్లేది మాత్రం అఫ్సర్లు, వకీళ్లు, పెద్ద తాజిర్లు. రస్మ్‌లన్నీ తలుపులు మూసి చేసుకునేవాళ్లు. బయట నిలబడ్డ అవామ్ ఏమనుకుంటారు? లోపల ఏదో జాదూ జరుగుతోందనే!

ఈ ఇమారత్ 1914 నాటిది, నక్షా బాసిల్ సల్లివన్‌ది. పేరు అంతకంటే పాతది. 1901లో వచ్చిన కిప్లింగ్ నవల ‘కిమ్’లోనే పాత లాడ్జిని జాదూఘర్ అన్నారు. కిప్లింగ్‌కు ఆ లోపలి సంగతి తెలుసు. 1886లో, లాహోర్‌లో అఖ్బార్ నౌకరీ చేస్తూ, ‘హోప్ అండ్ పర్సివరెన్స్’ లాడ్జిలో చేరాడు. ఇరవై ఒకటి నిండాలని ఖాయిదా, ఇతనికి ఇరవయ్యే. మంచి సెక్రటరీ దొరుకుతాడని ఇజాజత్ ఇచ్చేశారట! అక్కడ ముసల్మాన్లు, హిందువులు, సిక్కులు, ద్వారం దగ్గర ఒక యహూదీ, అందరినీ కలిశానని తన ఆత్మకథలో రాసుకున్నాడు.

ఆ భాయీచారా అబద్ధమని నేననను. కాకపోతే లోపల భాయీ అయినవాడు గడప దాటగానే మళ్లీ సాహెబుకు సలాం కొట్టాల్సిందే. గులామీ కాలంలో బరాబరీ నాలుగు గోడల మధ్యే దొరికింది, అదీ ఇజ్జత్‌దారులకే. జనంలో పుట్టిన షక్‌కు సగం కారణం ఆ మూసిన దర్వాజానే అని నాకనిపిస్తుంది.

1972లో, భుట్టో హయాంలో, పాకిస్తాన్‌లో మేసన్ల మీద పాబందీ పడింది. లాడ్జీలు హుకూమత్ చేతికి వెళ్లాయి. మన హైదరాబాద్‌లో సంగతి వేరు: తానీషా కట్టించిన గోషామహల్ బారాదరీలో మేసన్ల సభలు ఆగలేదు. గోషా కోసం కట్టిన మహల్ మేసన్లకు బాగానే కుదిరింది!

లాహోర్ చౌరస్తా తర్వాత చాలా మారింది. విక్టోరియా రాణి విగ్రహాన్ని తీసి మ్యూజియంలో పెట్టారు; ఒకప్పుడు కిప్లింగ్ తండ్రి క్యూరేటర్‌గా పనిచేసిన మ్యూజియమే అది. 1974 ఇస్లామీ సదస్సు యాద్‌గారుగా మినార్ లేచింది. చౌక్‌కు షా ఫైసల్ పేరొచ్చింది. జాదూఘర్ స్తంభాలు అక్కడే ఉన్నాయి. అవామ్‌కు లోపలికి ఇజాజత్ అప్పుడూ లేదు, ఇప్పుడూ అంత తేలిగ్గా దొరకదు.