బావుల్ గుదడి: ఆ ముక్కలు ఎక్కడివి?

బెంగాల్ బావుల్ గాయకులు తొడుక్కునే అతుకుల అంగీని గుదడి అంటారు. రంగురంగుల ముక్కలు సర్వమత సామరస్యానికి గుర్తని చాలామంది రాస్తూ వచ్చారు. ఆ వివరణ నాకు రుచించదు.

పారేసిన పీలికలతో కుట్టిన బౌద్ధ భిక్షువుల చీవరం, సూఫీల అతుకుల అంగీ దీనికి మూలాలుగా అందరూ చెప్పేవే. అసలు ఆగవలసింది బెంగాల్ వైష్ణవ గురువు చైతన్యుడి జీవితకథ చైతన్య చరితామృతం దగ్గర. అందులో ఆయన శిష్యుడు సనాతన గోస్వామి ఖరీదైన కంబళి కప్పుకుని కాశీ చేరతాడు. చైతన్యుడి చూపు పదే పదే దానిమీదే పడుతుంది. సంగతి గ్రహించిన సనాతనుడు, గంగ ఒడ్డున చినిగిన కంథ ఆరేసుకుంటున్న ఒక బెంగాలీకి కంబళి ఇచ్చేసి, ఆ కంథ అడిగి పుచ్చుకుంటాడు. కంథ అంటే మన బొంత లాంటిదే. పాత చీరలు, ధోవతులు పొరలుగా పరిచి, చీర అంచుల్లోంచి లాగిన దారంతో కుడతారు. ఇక్కడ చింకిపాతకు అర్థం ఒక్కటే: ఉన్నది వదులుకోవడం.

సూఫీల పాలు లేదనను. 1870లో తొలి భాగం వెలువడిన తన గ్రంథంలో బెంగాలీ రచయిత అక్షయ్ కుమార్ దత్తా బావుల్ వేషంలో కౌపీనంతో పాటు పొడవాటి అంగీలైన ఖిల్కా, అల్‌ఖల్లాలను కూడా చెప్పాడు. కౌపీనం వైష్ణవుల నుంచి, ఖిల్కా ఫకీర్ల నుంచి వచ్చాయి. రెండు దారులు ఒకే ఒంటిమీద కలిశాయి, నిజమే. కానీ ఆ కలయికకు రంగులతో పనిలేదు. 1890లో కన్నుమూసిన బావుల్ గురువు లాలన్ ఫకీర్ పరంపరలో దీక్షా వస్త్రం తెల్లనిది. బతికుండగానే కఫన్ (శవవస్త్రం) కట్టుకోవడమని వాళ్ల భావం.

మరి రంగుల మోజు? నా అంచనాలో అది నగరం చూపు తెచ్చిపెట్టింది. 1916లో 'ఫాల్గుణి' నాటకంలో రవీంద్రుడు అంధ బావుల్‌గా నటించాడు. చిత్రకారుడు అబనీంద్రనాథ్ ఆ రూపాన్ని బొమ్మగా గీశాడు. చదువుకున్న కలకత్తా మనసులో పొడవాటి అంగీ అలా నిలిచిపోయింది. తర్వాత విదేశీ వేదికలు, 2005లో బావుల్ పాటలకు యునెస్కో గుర్తింపు వచ్చాయి. దూరం నుంచి చూసేవాళ్లకు తెల్లబట్ట కన్నా రంగుల అతుకే త్వరగా ఆనుతుంది.

ఇప్పుడు శాంతినికేతన్ చుట్టుపక్కల కొత్త బట్టను ముక్కలుగా కత్తిరించి మళ్లీ అతికి అమ్ముతున్నారు. పాటతో పొట్టపోసుకునే గాయకుడు అది తొడుక్కుంటే తప్పుపట్టలేను. దాన్నే ప్రాచీన సంప్రదాయమని రాసేవాళ్లతోనే నా పేచీ. సంక్రాంతికి అజయ్ నది ఒడ్డున కెందులి మేళాకు వెళ్తే, గుదడి కట్టిన సాధువు పక్కన కాసేపు కూర్చోండి. ఏ ముక్క ఎవరింటి పాతచీరో అడిగి రాసుకోండి.