రెండో గంట

మా పల్లెలో ప్రార్థన గంట అంటే గుడి పక్క వేపకొమ్మకు వేలాడే రైలు పట్టా ముక్క. రాత్రి అన్నాల వేళ పంతులుగారు దాన్ని సుత్తితో కొట్టేవారు. మొదటి గంటకు పొయ్యి మీద ఎసరు మరుగుతుండేది. రెండో గంటకల్లా గుడిలో ఉండాలి. మగవాళ్లు కాళ్ల బురద కడుక్కుని, ఆడవాళ్లు నిద్రపోతున్న పిల్లల్ని భుజాన వేసుకుని వచ్చి చాపల మీద కూర్చునేవాళ్లు. ఆదివారం ఒక్కటే కాదు, రోజూ ఇంతే.

రాత్రిపూటే ఎందుకని చిన్నప్పుడు అడగలేదు. ఒంగోలు ప్రాంతపు క్రైస్తవుల చరిత్ర చదివాక అర్థమైంది. పగలు వాళ్లది కాదు.

1854 జనవరి 1 తెల్లవారుజామున నెల్లూరులోని అమెరికన్ మిషనరీ లైమన్ జ్యూయెట్ దొర, ఆయన భార్య, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి మోకాళ్లూనారు. నెల్లూరు మిషన్‌ను మూసేద్దామా అని అమెరికాలో చర్చలు నడుస్తున్న కాలమది. పన్నెండేళ్ల తర్వాత, 1866లో, అదే మిషన్‌కు చెందిన జాన్ క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టారు. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అనే అంటాం. కానీ ఈ కథ దొరలతో మొదలై దొరలతో ముగిసినట్టు చెబితే నాకు బాధగా ఉంటుంది. తాళ్లకొండపాడు యెర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం చేసుకునే మాదిగ. క్రీస్తు మాట చెవిన పడకముందే రాజయోగం నేర్పే గురువుల దగ్గర కళ్లు మూసుకుని ధ్యానంలో కూర్చోవడం అలవాటు చేసుకున్న మనిషి. దేవుడి కోసం రోజులో కొంత వేళ పక్కన పెట్టాలని ఆయనకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేకపోయింది.

సంఘంలో చేరినవాళ్లకు క్లౌ దొర పెట్టిన కట్టుబాట్లు ముఖ్యంగా మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి తేలిక. రైతు బావి దగ్గర నీళ్లు తోడే కపిల తోలుబాన చినిగిందంటే నీళ్లు ఆగిపోతాయి, దాన్ని కుట్టాల్సింది మాదిగే. ఆ రోజు ఆదివారమైతే? రానన్నవాడికి తిట్లు, దెబ్బలు, పని పోవడం. వారంలో ఒక్క రోజు కోసం అంత పడ్డవాళ్లకు మిగతా ఆరు రోజుల్లో పగటి ప్రార్థన ఎక్కడ కుదురుతుంది? కోడికూతకు ముందు, దీపం పెట్టాక, ఆ రెండు కొసలే వాళ్ల చేతిలో ఉన్నాయి. వాటినే దేవుడికిచ్చారు.

1876–78 కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకున్నారు. మేస్త్రీలుగా నిలబడింది బోధకులే. కూలీలు గంప దించి సేద తీరే వేళ వాళ్ల పక్కన కూర్చుని మాట్లాడేవారు. తిండి కోసం చేరారన్న మాట రాకూడదని కరువు తీరేదాకా బాప్తిస్మాలు ఆపేశారు. ఆ తర్వాత 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకె అందరూ చెబుతారు. మర్నాటి రాత్రి నుంచి ఊరూరా ఆ మనుషుల్ని నిలబెట్టింది ఏమిటో చెప్పేవాళ్లు తక్కువ. అక్షరం రాని జనం. పంతులు ఒక్కో వాక్యం చెబుతుంటే తిరిగి అప్పజెప్పి కంఠతా పట్టారు. రోజూ రాత్రి కూర్చోకపోతే అది నిలిచేది కాదు.

మా నాయనమ్మ కూడా అలా నేర్చుకున్నదే. చదువు లేదు. రాత్రి గుడికి వెళ్లొచ్చినా తొలికోడికి మళ్లీ లేచేది. కిరసనాయిలు దండగని దీపం వెలిగించేది కాదు. గోనెపట్టా పరుచుకుని, పైట కొంగు నెత్తిన కప్పుకుని, గోడవైపు తిరిగి మోకాళ్లూనేది. నేను మంచంలో కళ్లు మూసుకుని వినేదాన్ని. పేర్లు వరసగా వచ్చేవి. జబ్బుపడ్డవాళ్లు ముందు, తర్వాత తను కలుపుకు వెళ్లే చేల ఆసాములు, వాళ్ల పిల్లలు. ఈనబోతున్న గేదె కూడా ఉండేది. మా పేర్లు చివర్లో. నా పేరు వచ్చేదాకా మెలకువగా ఉండాలని చూసేదాన్ని. చాలాసార్లు ఆసాముల దగ్గరే నిద్రపట్టేది.